ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్: హఠాత్తుగా విషమించిన తరువాత బతుకు అవకాశం

ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గదుల గోడలు మచ్చకట్టి, గట్టిపడి, ముడుచుకుపోయే జబ్బులన్నిటినీ కలిపి పల్మనరీ ఫైబ్రోసిస్ అంటారు. వాటిలో కారణం తేలనిది, అన్నిటికన్నా మొండిది ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్, క్లుప్తంగా ఐపీఎఫ్. ఎక్కువగా అరవై దాటినవారికి, అందులోనూ మగవారికి, పొగతాగే అలవాటు ఉన్నవారికి వస్తుంది. సాధారణంగా ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది. మొదట మెట్లెక్కితే ఆయాసం, తరువాత చదును నేల మీద నడిచినా ఆయాసం, వాటికి తోడు ఎడతెగని పొడిదగ్గు. కొందరిలో మాత్రం ఈ నెమ్మది నడక ఒక్కసారిగా తెగిపోతుంది. పొలం దాకా వెళ్లి రాగలిగిన మనిషి రెండు మూడు వారాల్లోనే మంచం దిగలేని స్థితికి వస్తాడు. దీన్ని వైద్యులు అక్యూట్ ఎగ్జాసర్బేషన్ అంటారు, ఇక్కడ హఠాత్ విషమత అందాం. ఇది వచ్చాక సగంమంది మూడు నాలుగు నెలలకు మించి బతకరని ప్రపంచవ్యాప్త పరిశోధనలు చెబుతున్నాయి. ఆ లెక్క తప్పు కాదు. అయితే దాన్ని ప్రతి రోగికీ రాసిపెట్టిన గడువుగా చదవడం తప్పు. ఎవరు బతికి బయటపడతారన్నది విషమించిన తరువాత వేసే మందుల కన్నా, విషమించే నాటికి ఊపిరితిత్తుల్లో మిగిలిన సత్తువ మీద, అసలు జబ్బు ఏ రకమన్న దాని మీద, అది ముందే బయటపడిందా లేదా అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రులకు తెలంగాణ వికారాబాద్ జిల్లాలోని పరిగి దాదాపు 80 కిలోమీటర్లు, తాండూరు వందకు పైగా. అంత దూరాన ఉన్న ఊళ్లకు ఈ తేడా వైద్యగ్రంథాల చర్చతో ముగిసిపోయేది కాదు.

నిర్వచనం ఎలా మారుతూ వచ్చిందో ముందు చూడాలి, ఎందుకంటే లెక్కల్లోని గందరగోళం సగం అక్కడే ఉంది. వారాల్లో ప్రాణం తీసే ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌ను అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి వైద్యులు హామన్, రిచ్ 1944లో వర్ణించారు. అంతకుముందు ఏ ఊపిరితిత్తుల జబ్బూ లేనివారికి వచ్చే స్థితి అది. నెమ్మదిగా సాగుతున్న ఐపీఎఫ్ మీదే అలాంటి విపత్తు వచ్చిపడుతుందని జపాన్‌లో కొందో బృందం 1993లో ముగ్గురు రోగుల ఆధారంగా రాసింది. 2007లో అంతర్జాతీయ నిపుణులు కుదుర్చుకున్న నిర్వచనం ప్రకారం ఇన్ఫెక్షన్ లాంటి కారణమేదీ దొరకని విషమతే అసలైన ఎగ్జాసర్బేషన్. రోగికి ఊపిరే అందని సమయంలో ఊపిరితిత్తులోకి గొట్టం వేసి నమూనా తీసి ఇన్ఫెక్షన్ లేదని రుజువు చేయడం చాలాచోట్ల సాధ్యం కాలేదు. అందుకే 2016లో నిర్వచనాన్ని సడలించారు. ఐపీఎఫ్ ఉన్న వ్యక్తిలో సుమారు నెల లోపల ఆయాసం తీవ్రంగా పెరగడం, సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ పాత మచ్చల మీద కొత్తగా గ్రౌండ్ గ్లాస్ మసక కనిపించడం, గుండె వైఫల్యమో ఒంట్లో నీరు చేరడమో దీనికి పూర్తి కారణం కాకపోవడం ఉంటే చాలు. కారణం దొరికినా దొరకకపోయినా ఆ తరువాత బతికే కాలంలో పెద్ద తేడా లేదని అప్పటికే తేలుతుండటం కూడా ఈ సడలింపుకు ఒక ఆధారం.

లోపల జరిగేది తెలిస్తే ఈ జబ్బు మందులకు ఎందుకు లొంగదో అర్థమవుతుంది. చనిపోయినవారి ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినిలో చూస్తే పాత మచ్చల మధ్య మిగిలిన మంచి భాగంలో గాలి గదుల గోడలు విస్తారంగా దెబ్బతిని ఉంటాయి. తీవ్రమైన న్యుమోనియాలోనూ, కోవిడ్ విషమించినవారిలోనూ కనిపించే గాయం ఇలాంటిదే. ఆరోగ్యవంతుడికి ఈ గాయమైతే ఊపిరితిత్తులో చాలాభాగం నిలబడుతుంది, గాయం మానేదాకా అది బండి లాగుతుంది. ఐపీఎఫ్ రోగిలో అలా లాగవలసిన భాగమే మిగిలి ఉండదు. ఊపిరితిత్తుల కొలమానాల్లో ఎఫ్‌వీసీ, అంటే గట్టిగా పీల్చి వదిలే గాలి మొత్తం, తక్కువగా ఉన్నవారికి హఠాత్ విషమత వచ్చే అవకాశమూ ఎక్కువే, వచ్చాక తట్టుకోలేకపోవడమూ ఎక్కువే. వైరల్ జ్వరాలు, కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తిలోకి జారడం, ఛాతీ ఆపరేషన్లు, బయాప్సీ, కొన్ని మందులు, కలుషితమైన గాలి దీన్ని రేపగలవు. చలికాలంలో, వసంతం మొదట్లో హఠాత్ విషమతలు ఎక్కువగా వస్తాయని కూడా కొన్ని దేశాల పరిశీలనల్లో తేలింది.

ఇప్పుడు అంకెలు. కొరియాలో 461 మంది ఐపీఎఫ్ రోగులను అనుసరించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాదిలోపు 14.2 శాతం మందికి, మూడేళ్లలోపు 20.7 శాతం మందికి హఠాత్ విషమత వచ్చింది. అలా ఆసుపత్రిలో చేరినవారిలో సగంమంది అక్కడే చనిపోయారు. మూడు నాలుగు నెలలన్న అంకె వెనుక ఉన్నది ఇలాంటి అధ్యయనాలే. దీని పక్కన ఇంకో రెండు పెట్టి చూడాలి. ఫ్రాన్స్‌లో జరిగి 2022లో ప్రచురితమైన ఎగ్జాఫిప్ ప్రయోగంలో అందరికీ స్టెరాయిడ్లు ఇచ్చి, సగంమందికి అదనంగా రోగనిరోధక శక్తిని అణచే సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చారు. స్టెరాయిడ్లు మాత్రమే తీసుకున్నవారిలో మూడు నెలలకు 31 శాతం మంది చనిపోయారు. రక్తం గడ్డకట్టడాన్ని అదుపుచేసే త్రాంబోమాడ్యులిన్ మీద జపాన్‌లో జరిగి 2020లో ప్రచురితమైన ప్రయోగంలో ఉత్తుత్తి మందు తీసుకున్న 37 మందిలో 33 మంది, అంటే 89.2 శాతం, మూడు నెలలు దాటారు. వారికీ స్టెరాయిడ్లే ఆధారం. జబ్బు పేరు ఒక్కటే, ప్రధాన మందు ఒక్కటే, బతికి బయటపడినవారు ఒకచోట పదిమందిలో ఐదుగురు, ఒకచోట ఏడుగురు, ఒకచోట తొమ్మిదిమంది. మందు ఈ తేడాను వివరించలేదు కాబట్టి రోగులే వివరించాలి. ప్రయోగాల్లోకి తీసుకునేవారికి ఐపీఎఫ్ ఉందని ముందే తెలిసి ఉంటుంది లేదా వెంటనే తేల్చుకోగలుగుతారు, ఎగ్జాఫిప్‌లో వెంటిలేటర్ మీద ఉన్నవారిని చేర్చుకోలేదు, అన్నిటికీ మించి వాళ్లు ఆసుపత్రికి ఆలస్యం కాకముందే వచ్చి ఉండవచ్చు.

37 మంది మరీ తక్కువ, అది యాదృచ్ఛికం కావచ్చు అనే అభ్యంతరం న్యాయమైనదే. జపాన్ అంకెను అక్షరాలా పట్టుకోవాల్సిన పని లేదు. పదిలో తొమ్మిది బదులు పదిలో ఎనిమిది అనుకున్నా వాదం మారదు. ప్రయోగాలకు ఏరుకున్న రోగులు నిజ జీవితపు రోగులకు ప్రతినిధులు కారన్నది ఇంకో అభ్యంతరం. ఇక్కడ చెప్పదలచుకున్నదీ అదే. ఏరుకున్నవారు బాగా బతికారంటే ఏ లక్షణాలను బట్టి ఏరారో ఆ లక్షణాలే ఆయుష్షును నిర్ణయిస్తున్నాయని అర్థం. చేరిన రోజున రక్తంలో ఆక్సిజన్ ఎంత పడిపోయింది, సీటీలో కొత్త మసక ఊపిరితిత్తుల అంచులకే పరిమితమైందా లేక అంతటా పరుచుకుందా, అంతకుముందు ఎఫ్‌వీసీ ఎంత అన్నవి ఒకదాని వెంట ఒకటి పరిశీలనల్లో తేలుతూ వచ్చిన సూచికలు. అంచులకే పరిమితమైనవారు మెరుగ్గా, అంతటా పరుచుకున్నవారు అధ్వానంగా ఉంటారని జపాన్ రేడియాలజిస్టు అకిరా 1997 నుంచీ చూపుతూ వచ్చారు.

ఇక చికిత్స. కోవిడ్ కాలంలో స్టెరాయిడ్లు ప్రాణాలు కాపాడటం పల్లెలకూ తెలిసిపోయింది. బ్రిటన్‌లో 2020లో జరిగిన రికవరీ ప్రయోగంలో వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథసోన్ 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గించింది. గాయం ఇలాంటిదే అయినప్పుడు ఐపీఎఫ్‌లో మాత్రం ఎందుకు పనిచేయదని అడగడం సహజం. కోవిడ్ రోగికి గాయం కింద మంచి ఊపిరితిత్తి ఉంటుంది, ఇక్కడ గాయం కింద ఉన్నది మచ్చే. పైగా ఐపీఎఫ్‌లో రోగనిరోధక శక్తిని అణచే మందుల చరిత్ర నిరాశాజనకం. విషమించని, నిలకడగా ఉన్న రోగులకు ప్రెడ్నిసోన్, అజాథయోప్రిన్, ఎసిటైల్‌సిస్టీన్ కలిపి ఇస్తే మరణాలు పెరిగాయని పాంథర్ ప్రయోగం 2012లో చూపింది. విషమించినవారికి సైక్లోఫాస్ఫమైడ్ చేర్చిన ఎగ్జాఫిప్‌లో మరణాలు 31 శాతం నుంచి 45 శాతానికి పెరిగాయి. ఆ తేడా గణాంకాల గీత దాటకపోయినా, మేలు జరుగుతుందన్న ఆశకు అక్కడ చోటు మిగల్లేదు. త్రాంబోమాడ్యులిన్ కూడా ఉత్తుత్తి మందు కన్నా వెనకబడింది, తీసుకున్నవారిలో 72.5 శాతమే మూడు నెలలు దాటారు. అయినా 2011 అంతర్జాతీయ మార్గదర్శకాలు హఠాత్ విషమతలో ఎక్కువమందికి స్టెరాయిడ్లు ఇవ్వవచ్చని బలహీనమైన సిఫారసు చేశాయి. వేరే ఏమీ లేకపోవడం ఒక కారణం. ఇన్ఫెక్షన్‌నో ఫైబ్రోసిస్ కాని మరో వాపునో ఆ సమయంలో కచ్చితంగా వేరుచేయలేకపోవడం ఇంకో కారణం. కొద్దిరోజులు స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్స్, ఆక్సిజన్ ఇచ్చి చూడటాన్ని తప్పుపట్టలేం. అవే కాపాడతాయని కుటుంబానికి మాటివ్వడం మాత్రం సరికాదు.

వెంటిలేటర్ విషయంలో వివాదం ఎక్కువ. ఐపీఎఫ్ రోగులకు గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టిన పాత అధ్యయనాలను 2008లో కలిపి చూస్తే ఆసుపత్రిలోనే చనిపోయినవారు 87 శాతం. 2016లో అమెరికా దేశవ్యాప్త ఆసుపత్రి రికార్డుల నుంచి వచ్చిన లెక్క వేరు. వెంటిలేటర్ పెట్టినవారిలో 51.6 శాతం, మాస్కుతో ఇచ్చే వెంటిలేషన్ మీద ఉన్నవారిలో 30.9 శాతం చనిపోయారు. దీన్ని చూపి కాలం మారింది, వెంటిలేటర్ వద్దనడం పాత భయమని వాదించేవారున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. తక్కువ పీడనంతో గాలి నెట్టే పద్ధతులు వచ్చాక అన్ని తీవ్ర ఊపిరితిత్తుల గాయాల్లోనూ ఫలితాలు మెరుగుపడ్డాయి. కాని ఆ రికార్డులు బిల్లుల కోసం రాసిన రోగనామాల మీద నిలబడినవి. ఆపరేషన్ కోసమో వేరే జబ్బుకో వెంటిలేటర్ ఎక్కిన ఐపీఎఫ్ రోగులు, ఐపీఎఫ్ అని రాసినా నిజానికి అది కానివాళ్లు అందులో కలిసి ఉంటారు. విషమతలో ఊపిరి ఆగిపోబోతున్న మనిషికి ఆ సగం వర్తించదు. మాస్కు మీద ఉన్నవారు తక్కువగా చనిపోవడానికి కూడా వారి జబ్బు తేలికగా ఉండటమే చాలావరకు కారణం. ముక్కు గొట్టాల ద్వారా వెచ్చని తేమగాలిని నిమిషానికి 50, 60 లీటర్ల దాకా పంపే హైఫ్లో యంత్రం మాట్లాడటానికీ తినడానికీ వీలిస్తుంది కనుక ఈ రోగులకు చాలా కేంద్రాల్లో అదే మొదటి ఎంపికగా మారింది.

జబ్బు రకం దగ్గర మన దేశపు లెక్కలు విదేశీ పుస్తకాలకు భిన్నంగా నడుస్తాయి. ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బులను నమోదు చేసే ఐఎల్‌డీ ఇండియా రిజిస్ట్రీ 19 నగరాల్లోని 27 కేంద్రాల నుంచి 1084 మందిని పరిశీలించి 2017లో ఇచ్చిన లెక్కలో ఐపీఎఫ్ 13.7 శాతమే. 47.3 శాతం మందికి ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, అంటే పీల్చిన బూజు, పక్షుల రెట్ట, ధూళి లాంటివాటికి ఊపిరితిత్తులు ప్రతిస్పందించి వాచడం. వారిలో 48.1 శాతం మందికి గాలి కూలర్ల సావాసం ఉంది. అందరూ దీన్ని ఒప్పుకోలేదు. చండీగఢ్‌లో 803 మందిని చూసిన 2018 అధ్యయనంలో ఈ జబ్బు 10.7 శాతమే, ఐపీఎఫ్ 21.2 శాతం. కేంద్రాన్ని బట్టి, నిర్ధారణ పద్ధతిని బట్టి అంకె మారుతుందన్న విమర్శ నిలుస్తుంది. కాని ఏ అంకె తీసుకున్నా మన దగ్గర ఊపిరితిత్తులు మచ్చకట్టిన వారిలో ఎక్కువమందికి ఉన్నది ఐపీఎఫ్ కాదు. ఎన్‌ఎస్‌ఐపీ అనే రకం ఫైబ్రోసిస్‌లో హఠాత్ విషమత తరువాత బతికేవారు ఐపీఎఫ్ కన్నా ఎక్కువని కొరియా అనుభవం చెబుతుంది. తేనెపట్టులా గూళ్లు కట్టేదాకా ముదిరిన హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ మాత్రం ఐపీఎఫ్ అంత చేటే చేస్తుంది. అది ముదరకముందు కారణాన్ని దూరం చేస్తే ఆగే అవకాశం ఉండటమే అసలు తేడా. వేసవిలో ఇంటింటా తిరిగే కూలర్‌లో నీళ్లు మార్చని గడ్డి మెత్తలు, మిద్దె మీది పావురాలు, కందులు తూర్పారబట్టేటప్పుడు లేచే దుమ్ము పరిగి, తాండూరు వైపు డాక్టరు అడగవలసిన ప్రశ్నలు. తాండూరులో నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, చుట్టూ సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. నాపరాయి సున్నపురాయి జాతిది కనుక గ్రానైట్‌లో ఉన్నంత స్ఫటిక సిలికా అందులో ఉండదు, అలాగని బొత్తిగా లేకనూ పోదు. రాయి కోసినవారి ఫైబ్రోసిస్‌ను కారణం తెలియనిదని రాసేముందు పని చరిత్ర అడగాలి.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఆలస్యంలో ఉంది. వికారాబాద్ పక్కనే అనంతగిరి కొండల మీద నిజాం కాలంలో క్షయరోగుల కోసం శానిటోరియం కట్టారు. ఈ ప్రాంతపు వైద్య స్మృతిలో ఊపిరితిత్తుల జబ్బంటే టీబీయే. దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో నీడలు చూడగానే టీబీ మందులు మొదలుపెట్టడం దేశమంతటా ఉన్నదే. కఫంలో క్రిమి దొరకకపోయినా ఆరునెలల కోర్సు నడుస్తుంది, ఆ ఆరునెలల్లో ఫైబ్రోసిస్ ముందుకు పోతుంది. టీబీ ఇంకా పోని చోట టీబీని ముందు అనుమానించడం తప్పెలా అవుతుందని అడగవచ్చు. తప్పు కాదు, తప్పకుండా పరీక్షించాలి. కాని ఈ రెంటినీ వేరుచేసే గుర్తులకు ఖర్చు లేదు. ఫైబ్రోసిస్‌లో వీపు కింది భాగాన స్టెతస్కోప్ పెడితే ఊపిరి పీల్చినప్పుడల్లా వెల్క్రో పట్టీ విప్పుతున్నట్టు చిటపటలు వినిపిస్తాయి. చాలామందికి వేళ్ల కొసలు ఉబ్బి ఉంటాయి. కూర్చున్నప్పుడు సరిగా ఉన్న ఆక్సిజన్ ఆరు నిమిషాలు నడిపిస్తే పడిపోతుంది, దీనికి కోవిడ్ తరువాత ఊరూరా చేరిన పల్స్ ఆక్సీమీటర్ చాలు. ఇవి కనిపిస్తే సన్నని ముక్కలుగా తీసే హెచ్‌ఆర్‌సీటీ అవసరం. వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది కాబట్టి ఛాతీ వైద్యుల అందుబాటు కొంత దగ్గరైంది. 

ముందుగా కనిపెడితే ఒరిగేదేమిటి, ఫైబ్రోసిస్‌కు ఎలాగూ మందు లేదుగా అన్నది చివరి, బలమైన అభ్యంతరం. మచ్చను చెరిపే మందు లేదన్నది నిజం. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ క్షీణతను నెమ్మదిస్తాయని 2014లో ప్రచురితమైన అసెండ్, ఇన్‌పల్సిస్ ప్రయోగాలు చూపాయి. పిర్ఫెనిడోన్ మన దేశంలో 2010 నుంచే ఉంది. నింటెడానిబ్ మొదటి హఠాత్ విషమతను వాయిదా వేస్తుందా అన్నదానికి రెండు ఇన్‌పల్సిస్ ప్రయోగాల్లో ఒకదానిలో అవునని, ఒకదానిలో లేదని వచ్చింది. అందువల్ల విషమతను ఆపే మందని దాన్ని అమ్మడం అతిశయోక్తి. అయినా సత్తువను నిలిపి ఉంచడమే విషమతను తట్టుకునే ఒకే ఒక్క పెట్టుబడి అయినప్పుడు, ఆ పెట్టుబడి కాలాన్ని పొడిగించే మందు విలువ తక్కువది కాదు. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు, పొగాకు మానడం, మొహమాటం లేకుండా కూలర్ ఆపడం కూడా ఇదే ఖాతాలోవి. కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలను మాత్రం ఊపిరితిత్తుల కోసమే వాడొద్దని 2022 మార్గదర్శకాలు చెప్పాయి.

ఊపిరితిత్తుల మార్పిడి లెక్క కూడా ముందు చూపు మీదే నిలుస్తుంది. మెదడు చనిపోయినవారి అవయవాలను పంచే జీవన్‌దాన్ పథకం 2013 నుంచి హైదరాబాద్‌లోని నిమ్స్ కేంద్రంగా నడుస్తోంది, నగరంలో ఊపిరితిత్తుల మార్పిడి చేసే ఆసుపత్రులూ ఉన్నాయి. విషమించిన తరువాత వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకునే వ్యవధి చాలామందికి దొరకదు. అప్పటికే పేరు ఉన్నవారికే రక్తానికి నేరుగా ఆక్సిజన్ ఎక్కించే ఎక్మో లాంటి యంత్రాలతో కాలం కొనుక్కోవడంలో అర్థం ఉంటుంది. మార్పిడికి వయసూ ఒళ్లూ సహకరించనివారు ఎక్కువే, వాళ్లకు ఆయాసాన్ని తగ్గించే మార్ఫిన్, ఇంటి దగ్గర ఆక్సిజన్ కాన్సంట్రేటర్, నర్సు రాకపోకలు కావాలి. తెలంగాణ ప్రభుత్వం నడిపే పాలియేటివ్ కేర్ కేంద్రాల్లో ఒకటి పరిగి నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే, చేవెళ్లలో ఉంది. చివరి రోజుల్లో గొట్టం వేయాలా వద్దా అన్నది అంబులెన్స్‌లో తేల్చే విషయంగా మిగలకుండా, స్పృహలో ఉన్నప్పుడే రోగి రాసిపెట్టుకునే వీలును సుప్రీంకోర్టు 2018 మార్చిలో కల్పించింది. అప్పట్లో ఆ పత్రం మీద జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ సంతకం కావలసి వచ్చేది. 2023 జనవరిలో ఆ నిబంధనను సడలించారు, ఇద్దరు సాక్షులతో నోటరీ ఎదుటో గెజిటెడ్ అధికారి ఎదుటో సంతకం చేస్తే సరిపోతుంది.